నాయన తొడుక్కున్న ప్యాంటు

మా నాయన నాదస్వరం వాయించేవాడు. వడమాలపేట దగ్గర రోడ్డు దిగి నాలుగు మైళ్లు లోపలికి పోతే మా ఊరు వస్తుంది. పుత్తూరు మొదలుకొని తిరుపతి దాకా ఆ దారి వెంట ఎవరింట్లో పెళ్లి కుదిరినా, లగ్నం పెట్టుకున్న సాయంత్రానికే మా ఇంటికి మనిషి వచ్చేవాడు. నాయనకు జోడుగా డోలు వాయించే ఆయన మా పక్కింట్లో ఉండేవాడు. ఆయన మాకు చుట్టం కాదు, అయినా నేను పెదనాయనా అనే పిలిచేవాణ్ణి. ఇద్దరూ కలిసి ముప్పై ఏళ్లకు పైగా ఊళ్లు తిరిగారు.

నాయన పంచె తప్ప మరొకటి కట్టి ఎరగడు. ఎనిమిది మూరల తెల్ల పంచెలు, నారాయణవనంలో ఒక నేతగాళ్ల ఇంట్లో తీసుకునేవాడు. వాటిని ఉతికి, నీలిమందు వేసి, గంజి పెట్టి ఆరేసే పని అమ్మకు కూడా ఇచ్చేవాడు కాదు. గంజి చిక్కనైతే గుడ్డ బిరుసెక్కుతుందనీ, ఊపిరి పట్టి ఊదేవాడికి నడుము దగ్గర బట్ట మెత్తగా ఉండాలనీ చెప్పేవాడు. పెళ్లికి పోయే రోజు జరీ అంచు పంచె కట్టి, భుజాన కండువా వేసి, నాదస్వరాన్ని గుడ్డ సంచిలో పెట్టుకుని బయలుదేరేవాడు. బస్సు దాకా ఆ సంచి నేనే మోసేవాణ్ణి. ఇంకెవరైనా పట్టుకుంటామంటే ఇచ్చేవాణ్ణి కాదు.

ఆయన ఊదిన ఊపిరితోనే నేను చదువుకున్నాను. పళ్ల డాక్టరునై తిరుపతిలో క్లినిక్ పెట్టుకున్నాను. నాయనకు అరవై దాటాక ముందు పళ్లు రెండు ఊడిపోయాయి. నాదస్వరం వాయించేవాడికి ముందు పళ్లు లేకపోతే వాద్యం కొసనుండే పీక పెదాల మధ్య నిలవదు, గాలి పక్కలకు పోతుంది. ఆయనకు పళ్లు నేనే కట్టాను. నాలుగుసార్లు విప్పి సరిచేశాక, ఒక మధ్యాహ్నం నా కుర్చీలో కూర్చునే చిన్న ఆలాపన ఊదాడు. గదంతా నిండిపోయింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను లేచి తలుపు వేశాను. బయట పేషెంట్లు ఉన్నారు కదా, వాళ్లకు ఇబ్బందని వేశాననుకున్నాను అప్పట్లో.

తిరుపతిలో పెద్ద డాక్టర్లు, కాంట్రాక్టర్లు, రిటైరైన ఆఫీసర్లు సభ్యులుగా ఉండే ఒక క్లబ్బు ఉంది. దాని వెనకాల పెద్ద పచ్చిక. ఆ పచ్చికను పెళ్లిళ్లకు అద్దెకిచ్చేవాళ్లు. అక్కడ నాయన చాలాసార్లు వాయించాడు. మేళం వాళ్లూ, వంటవాళ్లూ, పూలు కట్టేవాళ్లూ పక్క గేటు నుంచి లోపలికి పోవాలి. పంచె కట్టుకుని పోయినా ఆ గేటు దగ్గర ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు.

నేను ఆ క్లబ్బులో చేరాలనుకున్నాను. తోటి డాక్టర్లందరూ సాయంత్రాలు అక్కడే కలిసేవాళ్లు. మా పాపకు అప్పుడు తొమ్మిదేళ్లు, షటిల్ నేర్పిద్దామని కూడా ఉండేది. దరఖాస్తులో తండ్రి వృత్తి అని ఒక గీత ఉంది. దాని ముందు పెన్ను పట్టుకుని కొంచెంసేపు ఆగాను. మాకు ఎకరన్నర చెరుకు చేను ఉన్న మాట నిజం. దాన్ని ఎన్నో ఏళ్లుగా వేరేవాళ్లే చేసుకుంటున్నారు. ఆ గీత మీద వ్యవసాయం అని రాశాను.

సభ్యత్వం వచ్చింది. కొత్తగా చేరినవాళ్లు కుటుంబాలతో రావాలని ఒక ఆదివారం విందు పెట్టారు. నాయన పళ్లు చూపించుకోవడానికి ఆ శనివారమే మా ఇంటికి వచ్చి ఉన్నాడు. మీరూ రండి మామయ్యా అని నా భార్య పిలిచింది. నాయన ముఖం ఎంత వెలిగిందంటే, నేను వద్దనే మాటే లేకపోయింది.

"ఆడ పచ్చికలో ఎన్ని పెండ్లిండ్లకు ఊదినానో లెక్కే లేదు. లోపల ఎట్లుంటాదో సూసిందే లేదు," అన్నాడు.

క్లబ్బు వాళ్లిచ్చిన నియమాల పుస్తకం నేను చదివే ఉన్నాను. మగవాళ్లు కాలరున్న చొక్కా, ప్యాంటు, బూట్లు వేసుకుని రావాలని అందులో స్పష్టంగా ఉంది. పెద్దాయన్ని ఎవరు ఆపుతారులే అనుకున్నాను. ఒకవేళ ఆపితే ఏం చేయాలో ఆలోచించలేదు. నాయన ఆ సాయంత్రం రెండు గంటల ముందే తయారయ్యాడు. జరీ అంచు పంచె, తెల్ల చొక్కా, మడత పెట్టిన కండువా. పెళ్లికి పోయేటప్పుడు ఎట్లా ఉండేవాడో అట్లాగే ఉన్నాడు.

క్లబ్బు మెట్ల దగ్గర నా భార్యనూ పాపనూ దింపి లోపలికి పంపించాను. కారు నిలిపి నాయనతో వెనక్కి వచ్చేసరికి గేటు దగ్గర కాపలా మనిషి ఆయన్ని గుర్తుపట్టాడు. నవ్వుతూ, మర్యాదగానే మాట్లాడాడు.

"పెద్దాయనా, మేళం వాళ్లు పక్క గేటు నుంచి గదా పోవాల్సింది. ఈ పొద్దు పెండ్లి కూడా ల్యాదే."

నాయన నా వైపు చూశాడు. ఈయన మా నాయన అని చెప్పాలి నేను. "నాతో వచ్చినారు," అన్నాను.

మెట్లెక్కి తలుపు దాకా పోయాం. అక్కడ బల్ల ముందు కూర్చున్నతను లేచి, గోడకు తగిలించిన బోర్డు చూపించాడు. నేను కొంచెం గొంతు పెంచాను. లోపలి నుంచి సెక్రటరీ వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. నాయనకు నమస్కారం పెట్టాడు. పోయిన నెల ఒక రిటైరైన ఆఫీసరు పంచెతో వస్తే ఆయన్నీ వెనక్కి పంపామనీ, ఒకరికి వదిలితే రేపు అందరూ అడుగుతారనీ చెప్పాడు. మా వెనక ఇంకో రెండు కుటుంబాలు వచ్చి నిలబడ్డాయి. వాళ్లలో ఒకాయన నాకు తెలిసిన ఎముకల డాక్టరు.

"నేను కార్లో కూసుంటా లే. మీరు పోయి తినేసి రాండి," అన్నాడు నాయన.

నా భార్యకు ఫోన్ చేసి బయటికి రమ్మనవచ్చు. నలుగురం ఎక్కడైనా ఇడ్లీ తిని ఇంటికి పోయి ఉండవచ్చు. ఇన్నేళ్లలో ఆ దారి నా మనసులో ఎన్నిసార్లు నడిచానో. ఆ రోజు మాత్రం నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"డిక్కీలో నా ప్యాంటు ఒకటి ఉండాది నాయనా."

క్లినిక్‌లో బట్టల మీద మందులు పడుతుంటాయని కారులో ఎప్పుడూ ఒక జత పెట్టుకునేవాణ్ణి. కార్లు నిలిపే చోట డ్రైవర్ల కోసం కట్టిన బాత్రూమ్ ఉంది. నాయన ప్యాంటు తీసుకుని అందులోకి పోయాడు. ఎంతసేపటికీ రాలేదు. తలుపు తట్టితే గడియ తీశాడు. ప్యాంటు తొడుక్కున్నాడు గానీ జిప్పు పెట్టుకోవడం తెలియలేదు. నడుము దగ్గర రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. కింద తడి. పంచె తడవకుండా మడిచి భుజం మీద వేసుకున్నాడు.

నేనే జిప్పు లాగాను. నా బెల్టు తీసి ఆయనకు కట్టాను. చివరి చిల్లు దాకా లాగినా వదులుగానే ఉంది. ఆయన నాకన్నా పొట్టి, అందుకని వంగి కాళ్ల దగ్గర రెండు మడతలు పెట్టాను. నేను వంగి ఉన్నంతసేపూ ఆయన నా భుజం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. పైకి చూడలేదు నేను.

చెప్పుల సంగతి బల్ల దగ్గరతను చూసీ చూడనట్టు వదిలేశాడు. లోపల పాప ఆయన్ని చూసి చప్పట్లు కొట్టి, తాత ప్యాంటేసుకున్నాడని నవ్వింది. నాయన కూడా నవ్వాడు. నా భార్య నా ముఖం చూసి, తల తిప్పుకుంది.

మా బల్ల దగ్గరికి సభ్యత్వ కమిటీలోని ఒక పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు. మంచి మాటకారి. నాయన్ని పలకరించి, మీ అబ్బాయి దరఖాస్తులో చూశాను, వ్యవసాయమట కదా, ఏం పంట వేస్తారని అడిగాడు.

నాయన నా వైపు ఒక్కసారి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. పిల్లవాడు పలక మీద తప్పు రాస్తే ఏం రాశాడా అని చూస్తామే, అట్లా చూశాడు. తర్వాత ఆ పెద్దమనిషి వైపు తిరిగాడు.

"చెరుకప్పా," అన్నాడు.

ఈ ఏడు నీళ్లెట్లా ఉన్నాయి, బెల్లం ఆడిస్తారా, ఫ్యాక్టరీకి తోలుతారా అని ఆ పెద్దమనిషి అడుగుతూ పోయాడు. నాయన అన్నిటికీ జవాబు చెప్పాడు. మా చేను చేసే మనిషి చెప్పే కబుర్లన్నీ గుర్తు తెచ్చుకుని, ఒక్క తడబాటు లేకుండా చెప్పాడు. పెరుగన్నం రెండు ముద్దలు తిన్నాడు. ఒక చేత్తో బెల్టు పట్టుకునే కూర్చున్నాడు.

ఇంటికి వచ్చాక ప్యాంటు తానే ఉతికి ఆరేశాడు. మరుసటి రోజు పొద్దున్నే పంచె కట్టుకుని ఊరికి పోయాడు. మనం వెనక్కి వచ్చేసి ఉండాల్సింది అని నా భార్య అంది. నేను ఆమె మీద విసుక్కున్నాను.

మరుసటి నెల నాయన మళ్లీ వచ్చాడు. నేను బస్టాండుకు పోయి వెతుకుతుంటే కనపడలేదు. తెల్ల పంచె కోసం చూస్తున్నాను నేను. వెనకనుంచి పిలిచాడు. బూడిద రంగు ప్యాంటు తొడుక్కుని ఉన్నాడు. పుత్తూరులో కుట్టించానని చెప్పాడు. జిప్పు వద్దని గుండీలు పెట్టించుకున్నాడు.

"బాగుండాదా?" అని అడిగాడు.

"బాగుంది నాయనా," అన్నాను.

అప్పుడైనా వద్దనవచ్చు. నీ పంచెలోనే రా, ఆ క్లబ్బు ఎట్లా పోతే నాకేం అనవచ్చు. ఆయనే ఇష్టపడి కుట్టించుకున్నాడని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఊళ్లో ఎప్పటిలాగే పంచె కట్టేవాడనీ, తిరుపతి బస్సెక్కే రోజు మాత్రమే ప్యాంటు తొడిగేవాడనీ, తొడిగిన పూట కింద కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడే కాఫీ తాగేవాడనీ అమ్మ చెప్పింది. మొత్తం మూడేళ్లు అట్లాగే వచ్చాడు.

ఆ మూడేళ్లలో ఒకసారి క్లినిక్‌లో నాయన బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నేను లోపల ఒకరి పన్ను చూస్తున్నాను. తలుపు తెరిచే ఉంది. పేషెంటుగా వచ్చిన ఒక నడివయసాయన నాయన్ని తేరిపార చూసి, దగ్గరికి పోయి చేతులు జోడించాడు. మా అమ్మాయి పెండ్లికి ఊదింది మీరే కదా, ఆ రోజు మీరు వాయించింది విని మా అమ్మ ఏడ్చింది, మీ కోసం మళ్లీ అడిగితే ఎవరూ చెప్పలేదు అన్నాడు.

"నేను కాదప్పా. ఎవురినో అనుకుంటా ఉండావు. మాది యవసాయం," అన్నాడు నాయన.

నా చేతిలో అద్దం పుల్ల పేషెంటు నోట్లోనే ఉండిపోయింది. రెండడుగులు వేసి బయటికి వస్తే చాలు. నేను రాలేదు. ఆ వచ్చినాయన క్షమించమని చెప్పి, ఇంకా అనుమానంగా చూస్తూనే పోయి తన చోట కూర్చున్నాడు.

ఆ సాయంత్రం బస్టాండులో అడిగాను, ఎందుకు అట్లా చెప్పినావని.

"నువ్వొకటి రాసి నేనొకటి చెప్తే నీకు మాటొస్తాది గదరా," అన్నాడు. "నాకేం పోతాది."

పుత్తూరు బస్సు వచ్చింది. బస్సొచ్చింది నాయనా, ఎక్కు అన్నాను. ఎక్కి, కిటికీ దగ్గర కూర్చుని, జాగ్రత్త అని చెయ్యూపాడు.

ఆ తర్వాత ఏడు నెలలకు నాయన పోయాడు. ఉదయం పళ్లు తోముకుని వచ్చి, గుండెలో పట్టేసినట్టుందని మంచం మీద కూర్చున్నాడట. పెదనాయన ఆటో పిలుచుకొచ్చేలోపే అంతా అయిపోయింది. నేను పోయేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. మేళం ఊదినవాళ్లు పక్క ఊరివాళ్లు. వాళ్లలో ఒకడు నాయన దగ్గర నేర్చుకున్నవాడే, ఊదలేక మధ్యలో ఆపేశాడు.

పదకొండో రోజు అయిపోయాక పెదనాయనా నేనూ అరుగు మీద కూర్చున్నాం. ఆయన డోలు ముట్టుకోక చాలా రోజులైందని అప్పుడే తెలిసింది. నాయన తిరుపతి పెళ్లిళ్లు ఒప్పుకోవడం మానేశాడట. అడగడానికి వచ్చిన వాళ్లందరికీ ఊపిరి చాలడం లేదని చెప్పి పంపించేసేవాడట. ఊళ్లో గుడి ఉత్సవానికి మాత్రం రెండు గంటలు ఆపకుండా ఊదాడు. ఊపిరికేమైందిరా నీకు అని పెదనాయన నిలదీస్తే, తిరుపతిలో ఎవరైనా చూస్తే పిల్లోడికి ఇబ్బంది అన్నాడట.

"ముప్పై ఏండ్ల జోడీ నాయనా," అన్నాడు పెదనాయన. "ఆయప్ప ఊదనంటే నాకు మాత్రం డోలెందుకు? అయినా నిన్నేమీ అననీలేదు. నిన్ను ఆ క్లబ్బులో సూసి కడుపు నిండిపోయిందని సెప్పినాడు. ఆడ నిన్నెంత మర్యాదగా సూసుకున్నారో, తనను కూడా ఎంత బాగా కూసోబెట్టినారో, వచ్చినోళ్లందరికీ సెప్పినాడు."

నేను ఆయనకు జరిగింది చెప్పాను. డ్రైవర్ల బాత్రూమ్, బెల్టు, చెరుకు, అన్నీ చెప్పాను. పెదనాయన లేచి, భోజనానికి పోదాం పద అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ దాని మాట ఎత్తలేదు. మా ఇంటికి రావడం కూడా తగ్గించాడు.

ఆ ఏడు క్లబ్బు సర్వసభ్య సమావేశంలో లేచి మాట్లాడాను. నా తండ్రి నాదస్వరం వాయించేవాడనీ, దరఖాస్తులో అబద్ధం రాశాననీ, ఈ పచ్చికలో మీ పిల్లల పెళ్లిళ్లకు ఊదిన మనిషిని మీ తలుపు దగ్గర నేనే ప్యాంటు తొడిగించి తెచ్చాననీ చెప్పాను. కొందరు తలలు దించుకున్నారు. కొందరు గడియారం చూసుకున్నారు. క్రమశిక్షణ పోతే క్లబ్బుకూ సత్రానికీ తేడా ఏముంటుందని ఒకాయన అన్నాడు. పంచెను లోపలికి రానివ్వాలా వద్దా అని చేతులు ఎత్తమన్నారు. పంచె ఓడిపోయింది. మరుసటి ఏడు కొత్త కమిటీ వచ్చి, పంచె కట్టుకుని రావచ్చని బోర్డు మార్చింది. ఇప్పుడు పండగ రోజుల్లో కుర్రాళ్లు నడుముకు అతుక్కునే పట్టు పంచెలు తొడుక్కుని వచ్చి మెట్ల మీద ఫోటోలు దిగుతుంటారు. రాజీనామా ఉత్తరం రాసుకున్నాను గానీ ఇవ్వలేదు. పాప అక్కడే షటిల్ ఆడుతుంది. అంతకన్నా వేరే కారణం చెప్పుకోలేను.

పాపకు ఇప్పుడు పదహారేళ్లు. తాత ఎట్లా వాయించేవాడు అని ఒకరోజు అడిగింది. ఫోన్‌లో వెతికాను, అమ్మను అడిగాను, పెదనాయనను అడిగాను. నాయన వాయించింది ఎవరి దగ్గరా లేదు. నేను ఒక్కసారి కూడా రికార్డు చేసుకోలేదు.

అప్పటినుంచి క్లినిక్‌కు వచ్చే వాళ్లను అడుగుతున్నాను. మీ ఇంట్లో పెళ్లి ఎప్పుడయ్యింది, ఎక్కడయ్యింది, వీడియో ఉందా, ఆ మేళం మా నాయనదే అయ్యుండొచ్చు అని. కొందరు వింతగా చూస్తారు. కొందరు ఓపికగా వెతికి తెస్తారు. నెల కిందట ఒక టీచరమ్మ పెన్‌డ్రైవ్ తెచ్చి ఇచ్చింది. ఆమె పెళ్లి ఆ పచ్చికలోనే జరిగింది.

పాపా నేనూ హాల్లో కూర్చుని పెట్టుకున్నాం. గంటన్నర వీడియోలో నాయన నాలుగు చోట్ల కనిపించాడు. ఒకచోట దగ్గరగా ఉన్నాడు. తెల్ల పంచె, కండువా, ఉబ్బిన బుగ్గలు, నేను కట్టిన పళ్లు. కళ్లు మూసుకుని ఊదుతున్నాడు, పక్కన పెదనాయన తల ఊపుతూ డోలు వాయిస్తున్నాడు. వీడియో తీసినవాడు ఆ శబ్దమంతా తీసేసి, మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు వేశాడు. పాప రిమోట్ తీసుకుని పాట ఆపేసింది. ఏ చప్పుడూ లేకుండా తాత వేళ్లు కదలడం చూస్తూ, ఇది ఏ రాగం నాన్నా అని అడిగింది. నాకు తెలియదని చెప్పాను.